దిగే ముందు ఎక్కే దారి

థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ రేవులో స్పీడ్ బోటు ఎక్కితే సుమారు గంట ప్రయాణంలో ఫీ ఫీ దీవులు వస్తాయి. వాటిలో ఒకటైన ఫీ ఫీ లే దీవిలో నిటారుగా లేచిన సున్నపురాయి కొండల నడుమ ఒక మడుగు ఉంది. దాని పేరు పిలే. నీళ్లు పచ్చరాయిని కరిగించి పోసినట్టుంటాయి. పడవ లోపలికి వచ్చి ఆగుతుంది. అరగంట టైము అని గైడు చేత్తో సైగ చేస్తాడు. హైదరాబాద్ నుంచి ఫుకెట్‌కు నేరుగా విమానాలు వచ్చాక మనవాళ్లకు ఈ ప్రయాణం మరింత దగ్గరైంది. ఫోను తీసి వీడియో మొదలుపెట్టేవాళ్లు కొందరు, లైఫ్ జాకెట్ బకిల్ వెతుక్కునేవాళ్లు కొందరు. ఒకరు దూకగానే వెనకాలే నలుగురు దూకుతారు.

ఆ సందడిలో దాదాపు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. మళ్లీ పైకి ఎలా ఎక్కుతాం?

ఈత కొలనులో దిగినవాడికి నాలుగు వైపులా గట్టు ఉంటుంది. అలసిపోతే పట్టుకుని నిలబడతాడు. పడవ మీంచి దిగినవాడికి గట్టు ఆ పడవ ఒక్కటే. అయితే ఆ గట్టు కదులుతుంది, దాని అంచు నీటికి చాలా ఎత్తున ఉంటుంది, పైగా దానికి ఇంజిను ఉంటుంది. విహారయాత్రల్లో పడవ మీంచి ఈతకు దిగినవాళ్లకు జరిగే ప్రమాదాల్లో చాలావాటి మూలం ఈ మూడింటిలోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. గంటకు 30 మందికి పైగా అన్నమాట. అందులో సెలవు రోజు సరదా కోసం నీళ్లలోకి దిగినవాళ్లూ ఉన్నారు. ఈత రావడం మంచి విషయమే. కానీ పడవ దగ్గర ఈత వేరు, దాని లెక్కలు వేరు. ఆ లెక్కలు కష్టమైనవేమీ కావు, ఒకసారి తెలుసుకుంటే జీవితమంతా పనికొస్తాయి.

కదిలే గట్టు

నిలకడగా కనిపించే సముద్రం కూడా నడుస్తూనే ఉంటుంది. పోటు వచ్చేటప్పుడు నీళ్లు ఒక దిక్కుకు, పాటు వచ్చేటప్పుడు మరో దిక్కుకు సాగుతాయి. దీవుల మధ్య సందు ఇరుకైనకొద్దీ వడి పెరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరసలో కలుస్తుంది కనక ఆటుపోట్ల తేడా పెద్దది, ప్రవాహమూ జోరుగానే ఉంటుంది. ప్రయాణానికి పంచాంగం చూసే అలవాటున్నవాళ్లు సముద్రం మీదికి వెళ్లేటప్పుడు ఈ రెండు తిథులనూ గమనించుకోవడం శాస్త్రం ఒప్పుకునే జాగ్రత్తే.

సముద్రంలో వేగాన్ని నాట్లలో కొలుస్తారు. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. వినడానికి అది నింపాదిగా నడిచే నడక. నీటిలో మాత్రం అదే వేగం నిమిషానికి 30 మీటర్లు మనల్ని జరిపేస్తుంది. 5 నిమిషాలు కబుర్లు చెప్పుకుంటూ తేలితే పడవకు 150 మీటర్ల దూరంలో ఉంటాం. సరదాకు ఈదే మనిషి వేగం గంటకు 2 నుంచి 3 కిలోమీటర్లు. అంటే ఒక నాట్ ప్రవాహానికి ఎదురీదితే ఉన్న బలమంతా దాదాపు ఉన్నచోట ఉండటానికే ఖర్చవుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా ఈతగాడు పాన్ జాన్‌లె 100 మీటర్ల ఫ్రీస్టయిల్‌ను 46.40 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆ వేగం నాట్లలో 4.2. ఐదు నాట్ల ప్రవాహం ఎదురైతే అంతటివాడు కూడా వెనక్కే పోతాడు.

పడవ లంగరు వేసి ఉందా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం. లంగరు వేసిన పడవ నిలిచే ఉంటుంది, నీళ్లు మనల్ని మోసుకుపోతాయి. లంగరు వేయని పడవ విషయంలో కథ తిరగబడుతుంది. నీటిపైన ఉన్న పడవ ఒళ్లంతా గాలికి తెరచాపలా పనిచేస్తుంది. మన ఒళ్లు నీళ్లలోనే ఉంటుంది కనక గాలికి తల తప్ప దొరకదు. కాబట్టి మనం ఉన్నచోటే ఉంటాం, పడవ జరిగిపోతుంది. ఒక్కరే ఉన్న పడవ మీంచి, లేదా అందరూ కలిసి ఒకేసారి దూకకూడదనడానికి కారణం ఇదే. పడవ నడపడం తెలిసిన ఒకరు ఎప్పుడూ పైన ఉండాలి.

ప్రవాహం ఎంతుందో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. లంగరు వేసిన పడవ అంచున నిలబడి నీటి మీది నురగనో తేలే ఆకునో చూడండి. పడవ పొడవు 10 మీటర్లనుకుందాం. ఆ ఆకు ముందు కొస నుంచి వెనక కొసకు 20 సెకన్లలో చేరితే ప్రవాహం ఒక నాట్. 10 సెకన్లలో చేరితే రెండు నాట్లు, ఇక దిగవద్దు. నెమ్మదిగా ఉందని తేలినా మొదట ప్రవాహానికి ఎదురుగా ఈదాలి. అలసట వచ్చాక తిరిగి రావడానికి నీళ్లే సాయం చేస్తాయి. వాలుకు ఈదుతూ వెళ్లినవాళ్లకు అలసిపోయాక ఎదురీత మిగులుతుంది. పడవ వెనక 20, 30 మీటర్ల తేలే తాడుకు చివర ఒక బోయా కట్టి వదలడం తెరచాప పడవలవాళ్ల పాత పద్ధతి. కొట్టుకుపోతున్న మనిషి చేతికి అది దొరికితే చాలు.

ఒకవేళ కొట్టుకుపోతే పోరాడవద్దు. వెల్లకిలా తేలుతూ ఒక చెయ్యి పైకెత్తి కేక వేయండి. మీరు పడవను చేరాల్సిన పనిలేదు, పడవే మీ దగ్గరికి వస్తుంది. అప్పటిదాకా తేలి ఉండటమే మీ పని. అయితే నీటిపైన మనిషి తల కొబ్బరికాయంత కనిపిస్తుంది. చిన్న అల అడ్డం వచ్చినా మాయమవుతుంది. అందుకే నారింజ రంగు టోపీ, లైఫ్ జాకెట్‌కు కట్టిన ఈల చాలా విలువైనవి. నీలం, తెలుపు రంగుల ఈత దుస్తులు సముద్రంలో కలిసిపోతాయి.

ఎత్తున ఉన్న గట్టు

ఇప్పుడు నిచ్చెన సంగతి. మెడలోతు నీటిలో ఉన్న 70 కిలోల మనిషిని నీళ్లే మోస్తాయి. ఆయన కండరాలు మోయాల్సింది నీటిపైన ఉన్న తల బరువే, అంటే సుమారు 5 కిలోలు. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి పైకి లేచినకొద్దీ ఆ సాయం తగ్గిపోతుంది. నడుము దాకా బయటికి వచ్చేసరికి సగానికి పైగా బరువు చేతుల మీదా తొడల మీదా పడుతుంది. బట్టలు పీల్చుకున్న నీళ్లు కూడా అప్పుడే బరువు చూపిస్తాయి. నీటిలో ఉన్నంతసేపు ఆ నీళ్లకు బరువు లేదు. పైకి వచ్చిన క్షణంలో జీన్స్, చుడీదార్, చీర లీటర్ల కొద్దీ నీటితో కిందికి లాగుతాయి. అప్పటికే అరగంట ఈది అలసిన మనిషి సరిగ్గా అక్కడే ఆగిపోతాడు. చాలామంది 'ఈత వచ్చు' అంటారు. నీళ్లలోంచి తమ బరువు తాము పైకి ఎత్తుకోగలరా అన్నది వేరే ప్రశ్న.

నిచ్చెన లేకుండా ఎక్కవచ్చనుకోవడం భ్రమ. కొలను గట్టు నీటికి జానెడు ఎత్తున ఉంటుంది, కింద గోడకు కాలు ఆనుతుంది. పడవ అంచు మీటరు ఎత్తున ఉంటే అక్కడికి చెయ్యి అందడమే కష్టం, అందినా కాలు మోపడానికి ఏమీ ఉండదు. పడవ పక్కలు లోపలికి వంగి ఉంటాయి కనక కాళ్లు కిందికి జారి, ఒళ్లు వెనక్కి వాలిపోతుంది. తాడు నిచ్చెనతోనూ ఇదే ఇబ్బంది. కాలితో తొక్కగానే అది పడవ అడుగుకు జరుగుతుంది, మనిషి వెల్లకిలా వేలాడుతాడు. గట్టి లోహపు నిచ్చెనకైతే కనీసం రెండు మూడు మెట్లు నీటి లోపలికి దిగి ఉండాలి. అప్పుడే కాలు సులువుగా మొదటి మెట్టును అందుకుంటుంది.

అల ఉన్నప్పుడు పడవ వెనక భాగం లేచి పడుతుంటుంది. దానితోపాటు నిచ్చెన కూడా మీటరు ఎత్తుకు లేచి దబ్బున దిగుతుంది. దాని కిందకు తలగానీ చెయ్యిగానీ పెడితే ఎముక విరుగుతుంది. నిచ్చెనకు చేతి దూరంలో ఆగి రెండు మూడు అలలు గమనించాలి. వెనక భాగం కిందికి దిగి నిలిచిన క్షణంలో రెండు చేతులతో కమ్ములు పట్టుకుని కాలు మోపాలి. పడవ పైకి లేస్తూ మనల్నీ లేపుతుంది. చేతులతో లాక్కోవద్దు, తొడల బలంతో లేవాలి. ఫ్లిప్పర్లు ఉంటే ఒక చేత్తో నిచ్చెన పట్టుకున్నాకే విప్పి పైకి అందించాలి.

అందుకే మొదటి నియమం చాలా చిన్నది. నిచ్చెన నీళ్లలోకి దించడం కళ్లారా చూశాకే దిగాలి.

ఇంజిను ఉన్న గట్టు

మన తీరంలో పడవ ముందు కొసను అణియం అనీ వెనక భాగాన్ని అమరం అనీ అంటారు. విహార పడవల్లో నిచ్చెన ఉండేది ఎక్కువగా అమరం దగ్గరే. నీళ్లకు దగ్గరగా ఉండే చెక్క అరుగు కూడా అక్కడే. కాళ్లు నీళ్లలో వేలాడేసి కూర్చోవడానికి, పిల్లలు ఆడుకోవడానికి అంత హాయైన చోటు పడవలో మరొకటి ఉండదు. ఇంజిను పంకా తిరిగేదీ, దాని పొగ బయటికి వచ్చేదీ కూడా అక్కడే.

పంకా లెక్క చూద్దాం. మూడు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 3,200 సార్లు తిరిగితే ఒక్క సెకనులో ఒకే చోట 160 దెబ్బలు పడతాయి. అమెరికా తీర రక్షక దళం పడవలవాళ్లకు ఈ లెక్కనే చెబుతుంది. తల నుంచి పాదాల దాకా మనిషిని దాటడానికి దానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. తప్పించుకునే వ్యవధి ఉండదు. గేరు న్యూట్రల్‌లో పెట్టామన్న ధైర్యం సరిపోదు, ఎవరి మోచెయ్యో తగిలి గేరు పడవచ్చు. ఇంజిను పూర్తిగా ఆపి, తాళం చెవి తీశాకే నిచ్చెన దించాలి. అందరూ ఎక్కి తలలు లెక్కపెట్టాకే మళ్లీ తాళం తిప్పాలి. థాయ్‌లాండ్ లాంగ్‌టెయిల్ పడవల్లో పంకా పొడవాటి ఇనుప కడ్డీ చివర, పడవకు బాగా వెనకగా ఉంటుంది. పడవ దగ్గర లేమనుకున్న మనిషికి కూడా అది తగలగలదు. నడిపేవాళ్ల కోసం అమెరికాలో ఇంకో ఏర్పాటు ఉంది. 26 అడుగుల లోపు పొడవున్న మోటారు పడవల్లో, నడిపే మనిషి సీటు నుంచి పడిపోతే ఇంజిను దానంతటదే ఆగేలా ఒంటికి తగిలించుకునే తాడును 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేశారు. మనవాళ్లు అక్కడి సరస్సుల్లో పడవ అద్దెకు తీసుకున్నప్పుడు ఆ ఎర్ర తాడు పక్కన పడేయకుండా తగిలించుకోవాలి.

రెండో శత్రువు కంటికి కనిపించదు. అమెరికాలో యూటా, అరిజోనా రాష్ట్రాల సరిహద్దున కొలరాడో నది మీద లేక్ పావెల్ అనే పెద్ద జలాశయం ఉంది. ఇల్లులాంటి పడవలను అద్దెకు తీసుకుని అక్కడ రోజుల తరబడి గడుపుతారు. 2000 ఆగస్టులో 8 ఏళ్లు, 11 ఏళ్లు వయసున్న ఇద్దరు అన్నదమ్ములు తమ పడవ వెనక అరుగు దగ్గర ఈదుతూ మునిగిపోయారు. ఇద్దరికీ ఈత వచ్చు, నీళ్లు నిలకడగా ఉన్నాయి. పడవలో ఏసీ కోసం జనరేటర్ నడుస్తోంది. దాని పొగ గొట్టం వెనక అరుగు కిందికి తెరుచుకుని ఉంది. అరుగుకూ నీటికీ మధ్య ఉన్న ఆ గూడులో కార్బన్ మోనాక్సైడ్ నిండిపోయింది. దర్యాప్తు నిపుణులు అలాంటి పడవల గూళ్లలో గాలిని కొలిస్తే ఆ వాయువు పది లక్షల వంతుల్లో వేల వంతులు ఉన్నట్టు తేలింది. ప్రాణానికి తక్షణ ముప్పుగా అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1,200 వంతులు. పాత రికార్డులు తిరగేస్తే, మామూలు మునకలుగా రాసిన మరణాల్లో కొన్నింటికి ఇదే కారణమని బయటపడింది.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే దీని మీద 200 రెట్లకు పైగా మక్కువ. కొద్దిపాటి వాయువు పీల్చినా అది ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోటును ఆక్రమించి వదలదు. మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం. పడవ మీద ఉన్నప్పుడు ఈ మూడింటినీ ఎండ దెబ్బ అనో, సముద్రం పడలేదనో, తాగింది ఎక్కువైందనో సరిపెట్టుకుంటారు. నేల మీదైతే స్పృహ తప్పినవాడు కింద పడతాడు, ఎవరైనా చూస్తారు. నీళ్లలో స్పృహ తప్పినవాడు చప్పుడు లేకుండా అడుక్కి పోతాడు. కదిలే పడవలో కూడా వెనక గాలి సుడి తిరిగి పొగను లోపలికే లాక్కొస్తుంది. నడుస్తున్న పడవ వెనక అరుగును పట్టుకుని ఈడ్చుకుపోయే సరదా ఆటను కాలిఫోర్నియా 2005 నుంచి చట్టంతో నిషేధించింది. కాబట్టి ఇంజినుతోపాటు జనరేటర్ కూడా ఆపాలి, లోపల ఏసీ ఆగిపోయినా సరే. వెనక ఎవరికైనా తలనొప్పి అంటే ముందుగా స్వచ్ఛమైన గాలిలోకి తీసుకెళ్లాలి.

అమెరికా సరస్సుల పడవ రేవుల్లో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పడవలకు కరెంటు ఇచ్చే రేవు పక్కన ఈదకూడదు. తీగలో లోపం ఉంటే విద్యుత్తు నీళ్లలోకి పాకుతుంది. మంచినీటి కంటే ఉప్పు కలిసిన మన ఒళ్లే విద్యుత్తుకు మంచి దారి. కండరాలు బిగుసుకుపోయి ఈత ఆగిపోతుంది.

ఒళ్లు చెప్పేవి

మునిగినవాడికి చలేమిటని సామెత. కష్టాల విషయంలో అది నిజం కావచ్చు. చన్నీటి విషయంలో చలే మొదటి ప్రమాదం. 15 డిగ్రీలకు తక్కువ ఉన్న నీళ్లలోకి ఒక్కసారిగా దూకితే చర్మం పంపే సంకేతానికి ఊపిరి మన ప్రమేయం లేకుండానే పెద్ద ఎగశ్వాసగా లోపలికి వస్తుంది. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే ఆ శ్వాసలో వచ్చేది నీరే. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మైక్ టిప్టన్ దశాబ్దాలుగా ఈ స్పందనను పరిశోధించారు. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని మూడు అంకెల్లో గుర్తుపెట్టుకోమంటారు: ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు మన మాట వినేది 10 నిమిషాలు, చలికి స్పృహ తప్పేదాకా 1 గంట. మంచులాంటి నీళ్లకు చెప్పిన లెక్క ఇది. అండమాన్ సముద్రం వెచ్చన కనక ఫుకెట్‌లో ఈ బెడద లేదు. స్కాట్లండ్ సరస్సుల్లోనో, అమెరికా సరస్సుల్లో వసంతకాలంలోనో ఎండ చూసి నీళ్లు కూడా వెచ్చగా ఉంటాయనుకుంటే ఒళ్లు ఒప్పుకోదు.

ఈ మొదటి నిమిషానికి బ్రిటన్ ప్రాణరక్షక పడవల సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ నేర్పే ఉపాయం ఎక్కడైనా పనికొస్తుంది. తల వెనక్కి వాల్చి చెవులు నీళ్లలో మునగనిచ్చి, చేతులు మెల్లగా ఆడిస్తూ తేలి ఉండాలి. ఊపిరి కుదుటపడ్డాక ఈత గురించి, కేక గురించి ఆలోచించవచ్చు.

పై అంతస్తు నుంచి దూకేవాళ్లకు ఒక లెక్క. 3 మీటర్ల ఎత్తు నుంచి నీటిని తాకేసరికి వేగం గంటకు 28 కిలోమీటర్లు, 6 మీటర్ల నుంచైతే 39. నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు సాంద్రమైనది, అంత వేగానికి మెత్తగా తప్పుకోదు. కింద మనిషి ఉన్నాడా, బండ ఉందా అన్నది తెలియకుండా తలకిందులుగా దూకినవాళ్లు మెడ విరిగి జీవితాంతం మంచాన పడిన సంఘటనలు వైద్యులకు తెలుసు. లైఫ్ జాకెట్‌తో దూకితే అది పైకి ఎగిరి గడ్డాన్ని కొడుతుంది. నిచ్చెన మీంచి నింపాదిగా దిగడమే మేలు.

స్నార్కెల్ పెట్టుకుని చేపలు చూడటం తేలిక పనిలా కనిపిస్తుంది. కానీ నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం అర లీటరుకు పైగా ఛాతీలోకి చేరుతుంది, గుండెకు పని పెరుగుతుంది. గొట్టంలోంచి గాలి లాగడానికి ఊపిరితిత్తులు అదనంగా కష్టపడాలి. ఆ లాగుడు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి ద్రవం చేరుతుందని హవాయిలో చేసిన అధ్యయనం సూచించింది. ఆయాసం, కాళ్లలో నీరసం వస్తే వెంటనే ముసుగు తీసి, వెల్లకిలా తిరిగి, సాయం పిలవాలి. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు ముందే చెప్పి, లైఫ్ జాకెట్‌తో, తోడుగా ఒకరితోనే దిగాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తన పర్యాటక పడవలకు ఇలాంటి నియమాలే పెట్టింది.

మందు తాగాక ఈత వద్దు. తాగినవాడికి దూరం అంచనా, ఊపిరి పట్టు, పైకీ కిందికీ తేడా తెలిపే లోపలి చెవి గుర్తు, మూడూ తప్పుతాయి. పందెం వేసి నీటి కింద ఎక్కువసేపు ఉండటానికి ముందుగా గబగబా ఊపిరి తీయడం కూడా ప్రాణాంతకం. ఊపిరి తీసుకోమని ఒత్తిడి చేసేది ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్. దాన్ని ముందే ఖాళీ చేస్తే ఆ హెచ్చరిక రాకముందే ఆక్సిజన్ అయిపోయి స్పృహ తప్పుతుంది.

పైనుంచి చూసే కళ్లు

సినిమాల్లో మునిగేవాడు చేతులు ఊపుతాడు, కేకలు వేస్తాడు. నిజంగా మునిగేవాడు అలా చేయలేడు. న్యూయార్క్ బీచ్‌లో ప్రాణరక్షకుడిగా పనిచేసిన ఫ్రాంక్ పియా నిజమైన మునకలను చిత్రీకరించి చూసి, దీనిని శరీరం తనంతట తాను చేసే స్పందన అని వివరించారు. నోరు నీటికి కిందా మీదా అవుతుంటుంది, పైకి వచ్చిన కాసేపు గాలి పీల్చడానికే చాలదు, మాటకు చోటుండదు. చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటాయి, ఊపడానికి లేవవు. ఇది 20 నుంచి 60 సెకన్లు మాత్రమే సాగుతుంది. నిటారుగా, కదలకుండా, తల వెనక్కి వాలి, కళ్లు శూన్యంగా ఉన్న మనిషిని చూస్తే 'బాగున్నావా' అని అడగండి. జవాబు రాకపోతే సమయం లేదని అర్థం.

అందుకే ఈదేవాళ్లను చూడటం తప్ప మరే పనీ లేని ఒక మనిషి పైన ఉండాలి. ఫోను పక్కన పెట్టి, వంతులవారీగా కూర్చోవచ్చు. మనిషి కనిపించకుండా పోతే ఆ చూపరి వేలు అటువైపే చూపిస్తూ ఉండాలి, కన్ను తిప్పకూడదు. పెద్దవాడిని తేల్చడానికి కావలసిన అదనపు బలం 3 నుంచి 5 కిలోలే. లైఫ్ జాకెట్ చేసే పని అంతే, ఆ కాస్తే చావు బతుకుల తేడా. అది ఒంటికి బిగుతుగా ఉండాలి. భుజాల దగ్గర పట్టి పైకి లాగితే చెవుల దాకా వస్తే ఆ సైజు పనికిరాదు. గాలి ఊదిన ట్యూబులు, చేతి బెలూన్లు ఆటవస్తువులు, రక్షణ కవచాలు కావు.

2022 నవంబరు చివర మిస్సోరీ రాష్ట్రంలోని లేక్ ఆఫ్ ది ఓజార్క్స్‌లో తెలంగాణ విద్యార్థి ఒకరు మునిగిపోతుంటే, కాపాడటానికి దూకిన స్నేహితుడూ ప్రాణం కోల్పోయాడు. ప్రేమతో చేసిన సాహసం రెండు ఇళ్లలో దీపాలు ఆర్పింది. మునిగేవాడు చేతికి దొరికినదాన్ని కిందికి నొక్కి పైకి రావడానికి చూస్తాడు, దొరికింది ప్రాణమిత్రుడైనా సరే. కాబట్టి ముందు కర్ర చాచండి, తాడు విసరండి, ట్యూబు వేయండి. శిక్షణ లేకుండా ఉత్త చేతులతో దూకవద్దు.

పైకి తీసిన మనిషి ఊపిరి తీయకపోతే మన ఊళ్లలో పొట్ట నొక్కుతారు, తలకిందులుగా పట్టి తిప్పుతారు. దానివల్ల కడుపులోది గొంతుకు వచ్చి ఊపిరి దారికే అడ్డుపడుతుంది. విలువైన నిమిషాలు పోతాయి. మునకలో లోటు ఆక్సిజన్. నోటిలో నోరు పెట్టి ఊపిరి ఇవ్వడంతో మొదలుపెట్టి, 30 సార్లు ఛాతీ నొక్కడం, 2 సార్లు ఊపిరి ఇవ్వడం వంతున ఆపకుండా సాగించాలి. దీన్ని ఒక పూటలో నేర్చుకోవచ్చు. తేరుకున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.

తలల లెక్క

1998 జనవరి 25న ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక పడవ 26 మందిని సముద్రంలో దించింది. తిరిగి బయల్దేరేటప్పుడు సిబ్బంది లెక్క తప్పారు. అమెరికన్ దంపతులు ఇద్దరు నీళ్లలోనే ఉండిపోయారు. వాళ్లు రాలేదని గుర్తించేసరికి రెండు రోజులు గడిచాయి. ఆ ఇద్దరూ దొరకలేదు. ఆ తర్వాత క్వీన్స్‌లాండ్ తలల లెక్కను కాగితం మీద నమోదు చేసే పద్ధతిని కట్టుదిట్టం చేసింది. అక్కడ తప్పిపోయింది ఒక చిన్న కూడిక. మన కుటుంబానికి ఆ లెక్క మనమే చేసుకోవాలి: ఎంతమంది దిగారు, ఎంతమంది ఎక్కారు.

వాతావరణం కూడా లెక్కే. అండమాన్ సముద్రంలో మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాల అల పెద్దది. 2018 జులై 5న ఫుకెట్ దగ్గర తుపాను గాలికి ఒక విహార పడవ బోల్తాపడి 47 మంది చైనా పర్యాటకులు చనిపోయారు. మన తీరానికీ అండమాన్ నికోబార్ దీవులకూ అలలు, గాలి, ప్రవాహాల ముందస్తు సమాచారం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ రోజూ ఇస్తుంది. విదేశాల్లో ఆ దేశపు వాతావరణ శాఖను చూడాలి. డబ్బు కట్టేశామని సముద్రం ఆగదు. పడవ నడిపేవాడు వద్దన్నాడంటే ఆ మాటకు తిరుగు లేదు.

పడవ ఆగాక, కాలు నీళ్లలో పెట్టకముందు, ఈ ఆరు ప్రశ్నలు గట్టిగా అడగండి. నిచ్చెన దించారా? ఇంజినూ జనరేటరూ ఆపారా? ప్రవాహం ఎటు, ఎంత? మమ్మల్ని చూస్తూ పైన ఎవరున్నారు? విసరడానికి తాడూ ట్యూబూ ఎక్కడున్నాయి? తలలు ఎవరు లెక్కపెడతారు? భాష రాకపోతే వేలితో చూపించి అడగండి. అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. మంచి పడవవాడు మీరు అడగకముందే చెబుతాడు. ఒక్కదానికైనా సమాధానం దొరకకపోతే ఆ పూటకు నీళ్లను పడవ మీంచే చూడండి. సముద్రం ఎక్కడికీ పోదు, మరో రోజు దిగవచ్చు. మీతో వచ్చినవాళ్లందరితో కలిసి ఇంటికి చేరడమే ఆ ప్రయాణానికి సార్థకత.